పాసైన తేదీ లెక్కా, సర్టిఫికెట్ మీద తేదీ లెక్కా? మెరిట్ లిస్టులో నా ఏళ్లు తగ్గిపోయాయి

టెక్కలి ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ల్యాబ్ టెక్నీషియన్ కాంట్రాక్టు పోస్టుల ప్రొవిజనల్ మెరిట్ లిస్టు నిన్న సాయంత్రం చూశాను. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. అభ్యంతరాలకి నాలుగు పని దినాలే గడువిచ్చారు, అందులో ఒకటి ఈరోజుతో అయిపోయింది. ఏ ఆఫీసో, ఏ జిల్లా నోటిఫికేషనో ఇక్కడ రాయను. మాది టెక్కలి దగ్గర పల్లె. తెలిసినవాళ్లు దయచేసి దారి చెప్పండి.

నా లెక్క ఇది. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా)లో నాకు 68.40 శాతం. దానికి 75 మార్కుల్లో 51.30 వేశారు, అది సరిగ్గానే ఉంది. తర్వాత చదువు పాసయ్యాక పూర్తయిన ఒక్కో ఏడాదికి ఒక మార్కు, మొత్తం 10కి మించకుండా. నేను 2016 ఆగస్టులో పాసయ్యాను. నోటిఫికేషన్ 2025 డిసెంబరుది. తొమ్మిదేళ్ల నాలుగు నెలలు, అంటే 9 మార్కులు. నాకు 5 వేశారు.

ఎందుకని ఫోన్ చేసి అడిగితే, సర్టిఫికెట్ మీద 2020 జనవరి తేదీ ఉంది కదా అన్నారు. అవును, ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు రాలేదని కాలేజీ వాళ్లు నా ఒరిజినల్ ఇవ్వలేదు. నాన్న రెండుసార్లు వెళ్లి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేశారు. చివరికి మేమే డబ్బు కట్టి తెచ్చుకున్నాం, అప్పటికి 2020 వచ్చింది. మార్కుల మెమో మీద మాత్రం 2016 ఆగస్టు అని స్పష్టంగా ఉంది. ఆ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించే 2017లో పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నాను.

రెండోది సర్వీసు, దానికి గరిష్ఠంగా 15 మార్కులు. 2018 జనవరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా సీతంపేట ఏజెన్సీలో (అంటే గిరిజన ప్రాంతంలో) ఒక పీహెచ్‌సీ, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేశాను. మొత్తం 26 నెలలు. గిరిజన ప్రాంతంలో అయితే ఆరు నెలలకి 2.5, గ్రామీణమైతే 2, పట్టణమైతే 1 అని నోటిఫికేషన్‌లోనే ఉంది. నాకు నాలుగు ఆర్నెల్లకి 10 రావాలి. 6 వేశారు. గిరిజన ప్రాంతాన్ని గ్రామీణం కింద లెక్కేశారు. అదీగాక మధ్యలో మమ్మల్ని పనిలో పెట్టిన కాంట్రాక్టరు మారాడు, మొదటాయన కింద పది నెలలు, రెండో ఆయన కింద పదహారు. వాటిని విడివిడిగా లెక్కేసి ఒక ఆర్నెల్లు, రెండు ఆర్నెల్లు, మొత్తం మూడే అన్నారు. నేను ఒక్కరోజు కూడా మానలేదు. అదే గది, అదే కుర్చీ, అదే మైక్రోస్కోపు.

ఆ మైక్రోస్కోపు గురించి చెప్పాలి. జ్వరాల సీజన్లో ఆశా అక్కలు కొండ మీద ఊళ్ల నుంచి మలేరియా పరీక్షకి రక్తం స్లైడ్లు పేపర్లో చుట్టి తెచ్చేవాళ్లు. వర్షానికి కరెంటు పోయేది. బల్లని కిటికీ దాకా ఈడ్చి, మైక్రోస్కోపు కింద ఉన్న అద్దాన్ని తిప్పి తిప్పి, ఆ కాస్త వెలుగునీ స్లైడు మీదకి పట్టేదాన్ని. స్లైడు మీద నూరు ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒక్కసారికి కనపడేంత మేర ఒక ఫీల్డు) చూడందే నెగెటివ్ అని రాయకూడదు. మబ్బు పడితే ఆగేదాన్ని, మళ్లీ వెలుగొస్తే ఎక్కడ ఆపానో అక్కణ్నుంచి లెక్కపెట్టేదాన్ని. ఒకసారి ఒక సవర తెగ ఆవిడ మూడేళ్ల పిల్లాణ్ని వీపున కట్టుకుని పొద్దున్నే దిగివచ్చి, రిజల్టు చెప్పేదాకా నా గుమ్మంలోనే కూర్చుంది. ఫాల్సిపారం పాజిటివ్, ప్రాణాల మీదకి తెచ్చే రకం మలేరియా. ఆ స్లైడు చూసిన రోజులకి ఇప్పుడు ‘గ్రామీణం, మూడు ఆర్నెల్లు’ అని రాస్తే నాకు కడుపు రగిలిపోతోంది.

మొత్తం మీద నాకు 70.30 రావాలి, 62.30 వేశారు. నా కేటగిరీలో ఆఖరి పేరుకి 66.75 ఉంది. ఆ అమ్మాయి నాకన్నా నాలుగేళ్లు వెనకాల బ్యాచ్. మా అమ్మ అయితే “ఏటే, నీకన్నా చిన్నోళ్లు నీ పైకెలాగెల్లిపోనారు?” అని రాత్రంతా అదే మాట. కోవిడ్‌లో ఏడాదిన్నర చేసినవాళ్లకి 15 మార్కులూ వచ్చేశాయి, ఏజెన్సీలో రెండేళ్లు చేసిన నాకు ఆరా?

సీనియారిటీ ప్రకారం నేను ముందుండాలి కదా? అభ్యంతరం ఎలా రాయాలి? ఇప్పుడు టౌన్లో ప్రైవేటు ల్యాబ్‌లో చేస్తున్నాను, సెలవు పెడితే జీతం కోత. అయినా ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి వెళ్తాను.


పాత సూపరింటెండెంట్, విజయనగరం

అమ్మాయ్, ముందు అన్నం తిను. నీది నెగ్గే కేసు, కానీ ఇలా రాస్తే మాత్రం నెగ్గదు.

ముప్పై ఏళ్లు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో ఫైళ్లు చూసినవాణ్ని, అందుకని చెబుతున్నాను. అర్జీలో ‘సీనియారిటీ’ అనే మాట రాయకు. సీనియారిటీ అనేది ఉద్యోగంలో చేరాక, ఒకే కేడర్లో ఉన్నవాళ్ల మధ్య వచ్చేది. నువ్వింకా చేరలేదు. ఇక్కడ ఉన్నది వెయిటేజీ, అంటే పాసైన ఏళ్లకి, చేసిన సర్వీసుకి కలిపే మార్కులు. “నేను ముందు బ్యాచ్, ఆమె వెనక బ్యాచ్” అని రాశావంటే, ఫైలు చూసేవాడు “ఇది మెరిట్ ప్రకారం నియామకం, సీనియారిటీ వర్తించదు” అని ఒక్క ముక్క రాసి మూసేస్తాడు. అది తప్పు సమాధానం కూడా కాదు. ఇలాంటి అర్జీలు ఎన్ని అలా పక్కకి పోయాయో నాకు తెలుసు.

ఇంకొకళ్ల పేరు, నంబరు, మార్కులు అసలు ఎత్తకు. నీ వరసలో నీ గడులు మాత్రం చూపించు. ఫలానా కాలమ్‌లో 5 ఉంది, 9 ఉండాలి, ఆధారం ఇదీ. అంతే.

ఇప్పుడు నీ లెక్క జాగ్రత్తగా చూడు, నువ్వు చూడని సంగతి ఒకటుంది. ఏళ్లు మాత్రమే సరిచేస్తే నీకు 66.30. సర్వీసు మాత్రమే పూర్తిగా సరిచేసినా 66.30. ఆఖరి మార్కు 66.75. అంటే ఏ ఒక్కటీ చాలదు. ఏళ్లు సరిచేయించుకుని, దాంతోపాటు గిరిజన ప్రాంతం లెక్క వస్తే మూడు ఆర్నెల్లకే 7.5 వచ్చి 67.80 అవుతుంది. కాంట్రాక్టర్ల సర్వీసు కలిపి, గ్రామీణంగానే ఉంచినా 68.30. కాబట్టి మొదటిది ఏళ్లు. అది తప్పనిసరిగా గెలవాలి. మిగతా రెంటిలో ఒకటి వచ్చినా నువ్వు పైకి వస్తావు.

ఏళ్ల సంగతిలో నీ చేతిలో మంచి ఆధారం ఉంది, నువ్వే మాట వరసకి రాసి వదిలేశావు. 2017లో బోర్డు రిజిస్ట్రేషన్! 2020లో పాసైన మనిషికి 2017లో రిజిస్ట్రేషన్ ఎలా ఇస్తారు? ఆ కాగితం పైన పెట్టి, కింద మెమో పెట్టు. నోటిఫికేషన్‌లో “పాసైన తర్వాత” అని ఉందో, “సర్టిఫికెట్ పొందిన తర్వాత” అని ఉందో ఆ వాక్యం ఒకసారి కళ్లతో చదివి, ఆ పేజీ జిరాక్సులో దాని కింద గీత గీసి జతచెయ్యి.

ఏజెన్సీ సర్వీసు. నీ సర్టిఫికెట్‌లో ప్రాంతం అనే గడిలో ఏం రాసి ఉంది?


టెక్కలి ల్యాబ్

ఇప్పుడే తీసి చూశాను మాస్టారూ. ప్రాంతం గడి ఖాళీగా ఉంది. పీహెచ్‌సీ పేరు, తేదీలు ఉన్నాయి, సంతకం ఉంది. ఆరేళ్లుగా ఫైల్లో పెట్టుకున్నాను గానీ ఆ గడి ఖాళీ అని ఎప్పుడూ గమనించలేదు. నోటిఫికేషన్‌లో “అర్హత పరీక్ష పాసైన తర్వాత” అనే ఉంది.


సిస్టర్ శ్రీకాకుళం

అక్కా, నీ బాధ అర్థమైంది. కానీ కోవిడ్ మాట ఎత్తావు కాబట్టి నేనొకటి చెప్పాలి.

నేను స్టాఫ్ నర్సుగా 2020లో చేరాను, ఆరు నెలలకి 5 మార్కుల లెక్కన. అప్పట్లో ఆ డ్యూటీకి రమ్మంటే చాలామంది రాలేదు. పీపీఈ కిట్ వేసుకుంటే ఆరేడు గంటలు మంచినీళ్లు లేవు, బాత్‌రూమ్ లేదు. విప్పేసరికి చెమటకి చేతివేళ్లు నానిపోయి ముడతలు పడి ఉండేవి. అద్దె ఇంటి ఓనరు ఆసుపత్రిలో చేస్తున్నానని తెలిసి ఖాళీ చేయమంది. మా నాన్న వాకిట్లో టిఫిన్ గిన్నె పెట్టి దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయేవాడు. కేసులు తగ్గాక మమ్మల్ని తీసేశారు. ఆ 15 మార్కులు మాకు ఎవరో ఊరికే ఇచ్చినవి కావు. నీ 10 నీకు రావాలి, దాని కోసం గట్టిగా అడుగు. మా 15 మీద కోపం పెట్టుకోకు.

నీ స్లైడ్ల సంగతి చదివి నాకు ఏడుపొచ్చింది. మా దగ్గర కూడా స్వాబ్ తీసిన ల్యాబ్ వాళ్లు నీలాంటివాళ్లే.


టెక్కలి ల్యాబ్

చెల్లీ, నిజమే. ఆ మాట కోపంలో రాశాను, అలా రాసి ఉండకూడదు. మనసులో పెట్టుకోవద్దు.


పాత సూపరింటెండెంట్, విజయనగరం

గడి ఖాళీగా ఉంటే వాళ్లు తక్కువ రేటు వేసి ఉంటారు. అంటే దీన్ని నింపించాలి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. నువ్వు పనిచేసినప్పుడు సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చాక సీతంపేట, భామిని, వీరఘట్టం, పాలకొండ అటు వెళ్లాయి. పాత చోటికి వెళ్తే అటు వెళ్లమంటారు, అటు వెళ్తే పాత రికార్డు ఇటు ఉందంటారు. అందుకని ముందు నువ్వు చేసిన పీహెచ్‌సీకే వెళ్లు. హాజరు రిజిస్టరు, నువ్వు సంతకం పెట్టిన మలేరియా స్లైడ్ల రిజిస్టరు అక్కడే ఉంటాయి. మెడికల్ ఆఫీసరు చేత “ఈ పీహెచ్‌సీ సీతంపేట ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని గిరిజన ప్రాంతంలో ఉంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా విడవకుండా పనిచేసింది” అని రాయించుకో. దాన్ని తీసుకుని పార్వతీపురం వెళ్లి జిల్లా అధికారి కౌంటర్ సంతకం, అంటే దాన్ని ధ్రువీకరిస్తూ పై సంతకం అడుగు.

ముఖ్యమైనది. దరఖాస్తు గడువు అయిపోయాక కొత్త సర్టిఫికెట్లు తీసుకోరు, అది న్యాయమే, లేకపోతే ఏ లిస్టూ తెమలదు. అందుకే నీ అర్జీలో “కొత్త సర్టిఫికెట్” అనకు. “దరఖాస్తుతో ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్‌కి వివరణ” అను. పీహెచ్‌సీ పేరు ముందే ఇచ్చావు, అది ఏజెన్సీలో ఉందన్నది ఐటీడీఏ రికార్డులో ఉన్న విషయం. నువ్వు కొత్తగా ఏదీ కోరడం లేదు.

కాంట్రాక్టర్లు మారిన సంగతికి పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు తియ్యి. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) ఒకటే కదా, 2018 అక్టోబరు ఒకరి కింద, నవంబరు ఇంకొకరి కింద నెల తప్పకుండా జమ కనబడుతుంది. అయితే ఈ పాయింటు మీద మరీ ఆశ పెట్టుకోకు. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. మూడోదిగా రాయి.

సర్టిఫికెట్ వచ్చేదాకా ఆగకు. రేపే అర్జీ ఇచ్చేయ్, “వివరణ ప్రతి వెంటనే దాఖలు చేస్తాను” అని రాసి. రెండు కాపీలు తీసుకెళ్లు, ఒకదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకో. వాట్సాప్‌లో పంపమంటే పంపు, కానీ ముద్ర పడిన కాగితం లేకుండా ఇంటికి రాకు తల్లీ.


లా స్టూడెంట్

హైకోర్టులో రిట్ వేసేయండి అక్కా. నియామకం మధ్యలో రూల్స్ మార్చకూడదని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ 2024 నవంబరు 7న తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో చెప్పింది. 2008లో మన రాష్ట్రం జిల్లా జడ్జీల నియామకాల మీద వచ్చిన మంజుశ్రీ కేసులోనూ అదే మాట. ఎన్నేళ్లు పనిచేశారో దాన్ని బట్టి పర్మనెంట్ కూడా అడగొచ్చు.


పాత సూపరింటెండెంట్, విజయనగరం

బాబూ, నువ్వు చదువుకుంటున్నావు, మంచిది. కానీ ఈ అమ్మాయికి ఆ తీర్పులు నేరుగా అతకవు. ఇక్కడ రూలు మారలేదు. రూలు అలాగే ఉంది, దాన్ని లెక్కకట్టడంలో పొరపాటు జరిగింది. తప్పు ఏమిటో సరిగ్గా చెప్పకపోతే కోర్టులోనూ వినరు. ఇక కాంట్రాక్టు మీద ఏళ్ల తరబడి పనిచేసినంత మాత్రాన పర్మనెంట్ హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకేగా ఈ వెయిటేజీ మార్కులకి ఇంత విలువ. పనిచేసిన ఏళ్లకి గుర్తింపు దొరికేది ఆ 15 మార్కుల్లోనే. వాటిల్లో కోత పడితే ఇంకెక్కడా పూడదు.

కోర్టు ఆఖరి మెట్టు. పాత రోజుల్లో ఉద్యోగాల కేసులకి ట్రిబ్యునల్ ఉండేది, ఇప్పుడు లేదు, అమరావతి హైకోర్టుకే వెళ్లాలి. టెక్కలి నుంచి ఎంత దూరమో, ఎంత ఖర్చో చూడు. ముందు అర్జీ, దానికి జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చినదానికి నంబరు పడుతుంది, సెలక్షన్ కమిటీకి చైర్మన్ కలెక్టరే కాబట్టి ఆ నంబరుకి బలం ఉంటుంది. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో పెట్టొచ్చు గానీ జవాబుకి 30 రోజులు. ఈలోగా లిస్టు ఫైనల్ అయిపోతుంది. అది తర్వాత, మార్కులు ఎలా వేశారో ఫైలు నోట్ కాపీ అడగడానికి పనికొస్తుంది.


లిస్టులో ఉన్నదాన్ని

అక్కా, ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నువ్వు చెప్పిన అమ్మాయిని నేను కాదు, నాది వేరే పోస్టు, ఫార్మసిస్టు. కానీ నేనూ అలాగే లిస్టులో ఆఖర్న ఉన్నాను. ఎవరైనా అభ్యంతరం పెట్టి గెలిస్తే నా పేరు కిందకి పోతుంది. లిస్టు వచ్చిన రోజు మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టారు. అప్పట్నుంచి మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. నాకు మాత్రం నిద్ర లేదు.

నువ్వు అడగొద్దని చెప్పడానికి రాయలేదు. నీ మార్కులు నీవే. ఒక్కటే కోరిక. గెలిస్తే “నాకన్నా చిన్నది అన్యాయంగా పైకి వెళ్లింది” అని ఎక్కడా అనొద్దు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. తనూ తన కాగితాలు తను ఇచ్చి ఎదురుచూస్తోంది. లెక్కలు మొదటే సరిగ్గా వేసి లిస్టు పెట్టి ఉంటే మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టేవాళ్లూ కాదు, నీకు ఈ తిరుగుడూ ఉండేది కాదు.


టెక్కలి ల్యాబ్

అందరికీ ఒక్కసారే రాస్తున్నాను, లేటయినందుకు క్షమించండి. మూడు రోజులూ బస్సుల్లోనే గడిచాయి.

మాస్టారు చెప్పినట్టే అర్జీ రాశాను. సీనియారిటీ అన్న మాట లేదు, ఇంకొకళ్ల పేరు లేదు. ఒకటిన్నర పేజీ. పైన బోర్డు రిజిస్ట్రేషన్, కింద మెమో. కౌంటర్ దగ్గర ఉన్నాయన మొదట “అందరూ ఇదే అంటారమ్మా” అన్నారు. రిజిస్ట్రేషన్ మీద 2017 చూపించి, “సార్, 2020లో పాసైతే ఇది ఎలా వస్తుంది?” అని అడిగాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశారు. లోపలికి తీసుకెళ్లి పదిహేను నిమిషాలకి వచ్చి, ఏళ్ల కాలమ్ సరిచేస్తామని చెప్పి నా కాపీ మీద ముద్ర వేసి ఇచ్చారు. ఇది నోటిమాటే, ఫైనల్ లిస్టులో కనపడాలి.

తర్వాతి రోజు సీతంపేట వెళ్లాను. పీహెచ్‌సీకి కొత్త రంగు వేశారు. నేను కూర్చున్న గదిలో ఇప్పుడు వేరే అబ్బాయి ఉన్నాడు, కరెంటు బల్బున్న కొత్త మైక్రోస్కోపు ఉంది. పాతది బీరువా పైన గుడ్డ కప్పి పెట్టారు. స్లైడ్ల రిజిస్టర్లు అడిగితే ఆ తమ్ముడే ఓపిగ్గా మూట విప్పి వెతికిపెట్టాడు. 2018 అక్టోబరు ఆఖరి పేజీ, నవంబరు మొదటి పేజీ ఎదురెదురుగా ఉన్నాయి, రెండిటి మీదా నా సంతకమే. కాంట్రాక్టరు మారిన రోజది. ఆ రోజు కూడా పద్నాలుగు స్లైడ్లు చూశాను. ఫొటో తీసుకున్నాను, మెడికల్ ఆఫీసరు మేడమ్ ఆ పేజీల జిరాక్సు మీద సంతకం చేసి ఇచ్చారు. గిరిజన ప్రాంతం, ఐటీడీఏ పరిధి అని పూర్తిగా రాసి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

పార్వతీపురంలో కౌంటర్ సంతకానికి సాయంత్రం దాకా కూర్చున్నాను. ఇచ్చారు. ఆఖరి రోజు నాలుగుంబావుకి, గడువు ముగియడానికి ముప్పావు గంట ముందు, వివరణ కాపీ దాఖలు చేశాను. ఇన్‌వర్డ్ నంబరు పడింది. ఏళ్లు, గిరిజన ప్రాంతం రెండూ లెక్కలోకి వస్తే 67.80. కాంట్రాక్టర్ల సర్వీసు కలపడం గురించి పై వాళ్లని అడుగుతామన్నారు, కలుపుతామని అనలేదు.

లిస్టులో ఉన్న చెల్లీ, నీ మాట చదివాకే అర్జీ ఆఖరి కాపీ రాశాను. మొదటి దాంట్లో “జూనియర్లకి మేలు చేశారు” అని ఒక వాక్యం ఉండేది, కొట్టేశాను. మా అమ్మకి కూడా నువ్వు రాసింది చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఆ గుంటది ఏ ఊరటే?” అని అడిగింది.

ఫైనల్ లిస్టు వారంలో పెడతామన్నారు. సోమవారానికి పెట్టకపోతే కలెక్టరేట్‌కి వెళ్తాను, ల్యాబ్‌లో సెలవు ఇప్పుడే చెప్పి ఉంచాను.


పాత సూపరింటెండెంట్, విజయనగరం

ఆ రిజిస్టర్ పేజీల జిరాక్సు మూడు కాపీలు తీసి ఒకటి ఇంట్లో ఉంచు. ఫైనల్ లిస్టులో తేడా వస్తే ఆ పేజీయే మాట్లాడుతుంది. సోమవారం వెళ్తే పదింటికల్లా వెళ్లు, క్యూ పెద్దదవుతుంది.